అరుగు మీద ఏడ్చిన ఇంగ్లీషాయన

నరసాపురంలో, తొంభైల మధ్యలో, డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో నాకున్న ఒకే ఒక్క కోరిక చెబితే నవ్వుతారు. నాకు నచ్చిన పాట ఇంకొక్క మనిషికి నచ్చాలి. అంతే. మొగుడు, ఉద్యోగం, మెళ్లోకి గొలుసు, ఇవన్నీ వాటి వరసలో అవి వస్తాయని ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం ఉండేది కనుక వాటిని నేను విడిగా కోరుకోవలసిన పని లేకపోయింది. పాట సంగతి మాత్రం ఎవరూ పట్టించుకునేలా కనిపించలేదు.

ఆ పాటలు నా చేతికి రావడం మా మావయ్య చలవ. ఆయన కాకినాడ పోర్టులో గుమాస్తా. ఓడల మీద వచ్చే విదేశీ నావికులు తమ పాత సామాను అక్కడి దుకాణాల్లో వదిలించుకునేవారు. అలా వచ్చిన ఒక అట్టపెట్టెడు క్యాసెట్లు కొని మా ఇంటికి మోసుకొచ్చాడు. వినడానికి కాదు. మా వైపు హరికథలు జరిగినప్పుడు వాటి మీద రికార్డు చేసుకోవడానికి.

"ఖాళీవి కొనడం ఎందుకే అమ్మడూ, డబ్బు దండగ. దీంట్లో ఉన్నది చెరిపేస్తే సరి" అన్నాడు.

ఆయన చెరిపేలోపల నేను విన్నాను. అప్పటికే పదేళ్ల పైబడిన పాటలవి. వాటిని పుట్టించిన దేశంలో కూడా జనం మర్చిపోయే ఉంటారు. డోలు బదులు ఏదో మిషను దరువు వేస్తుంది. గిటారు తడిగుడ్డలో చుట్టి వాయించినట్టు ఉంటుంది. ఆ రెండింటి మధ్య నుంచి ఒకాయన గొంతు, నూతిలోంచి పిలిచినట్టు, మెల్లగా, బరువుగా పైకొస్తుంది. ఆ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు, మిగతా సగం అర్థమైనా ఒరిగేదేమీ లేదు. కానీ మొదటిసారి విన్నప్పుడు నా కోసం ఎవరో ఏడుస్తున్నారనిపించింది. అప్పటివరకు నన్ను చూసి ఏడ్చినవాళ్లే గాని నా కోసం ఏడ్చినవాళ్లు లేరు.

మావయ్యతో పెద్ద యుద్ధమే చేసి పెట్టె మొత్తం దక్కించుకున్నాను. అయితే ఆ లోపే ఆయన ఒక క్యాసెట్ మీద ప్రయత్నం మొదలుపెట్టేశాడు. అదీ సరిగ్గా నా ప్రాణమైన పాట మీద. అందుచేత ఆ పాట సగంలో హఠాత్తుగా చిడతలు మోగి, ఒక హరిదాసు గారు గోవింద కొట్టి, రెండు మాటలు కథ చెప్పి, మావయ్య ఒక్కసారి దగ్గి, టక్కున అన్నీ ఆగిపోయి, మళ్లీ ఇంగ్లీషాయన ఏడుపు అందుకునేవాడు. కొన్నాళ్లకు ఆ హరిదాసు లేకపోతే పాట వెలితిగా ఉంటుందేమో అనిపించేంత అలవాటు పడ్డాను.

ఇంత మంచి పాట నేనొక్కదాన్నే వింటే పాపం తగులుతుందనిపించి పంచడానికి బయలుదేరాను. నాతో చదివిన స్నేహితురాలికి ఇస్తే వారం ఉంచుకుని "చాలా బాగుందే" అని తిరిగిచ్చింది. నేను ఏ చోట ఆపి ఇచ్చానో టేపు సరిగ్గా ఆ చోటే ఉంది. అబద్ధమాడేవాళ్లు కనీసం నాలుగు చుట్లు తిప్పి ఇవ్వాలన్న ఇంగితం కూడా లేకపోతే ఎలా? తర్వాత మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్ గారింటికి వెళ్లి, మా పాటల పెట్టె, టూ ఇన్ వన్, మోసుకెళ్లి మరీ వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని రెండు పాటలు విన్నారు. కళ్లు తెరిచి, "ఈయన ఉచ్చారణ సరిగ్గా లేదమ్మా" అన్నారు. ఇంగ్లండులో పుట్టినవాడికి ఉచ్చారణ లేదట! ఆ రోజు ఏటి రేవు దాకా నడిచి వెళ్లి, బల్లకట్టు లాంటి పంటు మీద అవతలి ఒడ్డుకి వెళ్లి, అదే పంటు మీద తిరిగొచ్చాను. కోపం వస్తే నేను చేసే పని అది.

ఇక మిగిలింది మా అరుగు.

మా అరుగంటే మా మేనత్త. మా నాన్నకి అక్క. మా ఇంట్లోనే ఉండేది. ఇంట్లో ఆవిడ మాటకి తిరుగు లేదు. వీధిలోనూ అంతే. మా వైపు ఆడవాళ్లు తరతరాలుగా లేసు అల్లుతారు. ఏజెంటు దారం తెచ్చి అత్తకిస్తాడు, అత్త వీధిలోవాళ్లకి పంచుతుంది, వాళ్లు కొక్కెం సూదితో ఒక్కొక్క పువ్వు అల్లి తెస్తారు, ఆ పువ్వులన్నీ కలిపి ఒక గుడ్డ చేసే అతుకుపని అత్తది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ మా అరుగు మీదికి చేరేవారు. మా టూ ఇన్ వన్ కిటికీలో ఉండేది. రేడియోలో సినిమా పాటలు వస్తుంటే చేతులు చకచకా ఆడేవి.

ఒక మధ్యాహ్నం అడగకుండా రేడియో ఆపి నా క్యాసెట్ పెట్టాను. చేతులన్నీ ఆగాయి.

"ఏంటే ఆయనకి, ఒంట్లో బాగోలేదా?" అంది ఒకావిడ.

"కడుపు నొప్పేమోనండి. వాము నీళ్లు పట్టించాలి."

"కాదండీ, ఇంట్లో ఏదో జరిగుంటాది పాపం. గొంతు చూడండి, ఎలా పూడుకుపోయిందో."

క్యాసెట్ మీద బొమ్మ చూపించమన్నారు. చూపించాను. జుట్టు పైకి నిలబెట్టుకుని, కళ్ల నిండా కాటుక పెట్టుకుని, పెదాలకి రంగు వేసుకున్న మనిషి. అందరూ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు.

"కాటుక పెట్టుకున్నాడేంటే!"

"దిష్టి తగలకుండా వాళ్లమ్మ పెట్టుంటాది లెండి. ఒక్కడే కొడుకేమో."

ఆ రోజు నుంచి ఆయన మా వీధి రోగి అయ్యాడు. "మీ ఏడ్చే ఆయన ఎలా ఉన్నాడే?" అని నూతి దగ్గర నన్ను అడిగేవారు. నిన్నటి మీద కాస్త నయమనో, ఈ వేళ మరీ దిగాలుగా ఉన్నాడనో మాట్లాడుకునేవారు. జాలి పడ్డారు గాని పాట బాగుందని ఒక్కరూ అనలేదు. నాకు ఒళ్లు మండేది. జాలి ఎవడిక్కావాలి? నచ్చాలి!

కొన్ని వారాలకి ఆ జాలి కూడా అయిపోయింది. దీపాలు పెట్టే వేళ ఆ శోకాలేంటని, ఇంటికి అరిష్టమని అత్త క్యాసెట్ తీయించేసింది. రేడియో తిరిగొచ్చింది. నేను రెండు రోజులు అత్తతో మాట్లాడలేదు. ఆవిడ గమనించనే లేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు అరుగు మీద ఒక పెద్ద పని నడుస్తోంది. ఏ దేశంలోనో ఎవరి విందు బల్ల మీదికో వేసే గుడ్డ. మా వీధిలో అంత పెద్దది ఎప్పుడూ చెయ్యలేదు. నడిమి భాగం పువ్వులు నా పాట నడిచిన వారాల్లో అల్లారు. చుట్టూ అంచుల పువ్వులు రేడియో తిరిగొచ్చాక అల్లారు. అత్త అన్నీ కలిపి అతికి, గంజి పెట్టి ఆరేసి, మా పెద్దబల్ల మీద పరిచింది.

గుడ్డ పూరీలా పొంగింది.

అంచులు బల్లకి అంటుకున్నాయి, నడుమ మాత్రం లేచి నిలబడింది. ఇటు నొక్కితే అటు లేస్తుంది. ఇస్త్రీ పెట్టారు. ఇస్త్రీ ఉన్నంతసేపు పడుకుని, తీయగానే ఊపిరి పీల్చుకున్నట్టు లేచింది. అదే సమయానికి ఏజెంటు వచ్చాడు. ఒక పక్కన అరచేత్తో నొక్కి చూసి, వంగి బల్ల కిందికి కూడా చూశాడు.

"లోపల పిల్లేమన్నా దూరిందాండీ?" అన్నాడు.

అత్త ముఖం ఎర్రబడింది.

"తమరి పని నాకు తెలియనిది కాదండి. కానీ వచ్చే మంగళవారం సరుకు వెళ్లిపోవాలి. ఇది ఇలాగే ఉంటే మాత్రం, ఇక మీదట పని రేవు దాటించెయ్యాలండి. అవతల సఖినేటిపల్లిలో అడుగుతున్నారు" అని, మజ్జిగ కూడా పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు.

పని రేవు దాటడమంటే మా అరుగు ఖాళీ అయిపోవడం. అత్త సూది పట్టుకుని కూర్చుంది, అల్లలేదు. ఆవిడని అలా చూడటం నాకు అదే మొదలు. నా సొంత బాధ కూడా ఉంది. అరుగు ఖాళీ అయితే నా పాటని ఇష్టం లేకుండానైనా విన్న ఆ చెవులు కూడా పోతాయి.

కారణం కోసం వెతుకులాట మొదలైంది. దారం మారిందేమో అన్నారు, మారలేదు. చెమ్మ అన్నారు, చెమ్మ ఎప్పుడూ ఉండేదే. చివరికి దిష్టి అని తేల్చారు. ఇద్దరు పట్టుకుని గుడ్డని నిలబెడితే, ఒకావిడ ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి దాని చుట్టూ తిప్పింది. తలెక్కడో పాదాలెక్కడో తెలియక కాసేపు వాదన జరిగింది. మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. వేశారు. వీధి వీధంతా దగ్గింది. దిష్టి కాదని రూఢి అయింది.

అప్పుడు అత్త అంచులన్నీ విప్పేసి, నడిమివీ అంచులవీ ఎవరి పువ్వులు వాళ్ల ముందు పెట్టించింది. అందరివీ ఒకటే కథ. మొదట అల్లినవి పెద్దవి, వదులు. తర్వాతవి చిన్నవి, బిగువు. ఒక్క వీధి చివరి మామ్మగారి పువ్వులే అప్పుడూ ఇప్పుడూ ఒకే కొలతలో ఉన్నాయి. ఆవిడకి బొత్తిగా వినపడదు. అత్త మామ్మగారి వంక చూసింది. ఆవిడ పువ్వుల వంక చూసింది. తర్వాత చాలాసేపు కిటికీలో ఉన్న రేడియో వంక చూసింది. అత్తకి అర్థమైందని నాకు అర్థమైంది.

సినిమా పాటకి చేతులు పరుగెడతాయి, దారం బిగుస్తుంది. ఏడుపు పాటకి చెయ్యి వదులవుతుంది. సగం గుడ్డ ఏడ్చింది, సగం గంతులేసింది. ఇంక పూరీ కాక ఏమవుతుంది?

"ఒసే అమ్మడూ" అంది అత్త. "ఆయన్ని పిలవ్వే."

ఆ క్షణం నా ఆనందం చెప్పలేను. పెళ్లినాడు కూడా అంత ఎత్తున నడవలేదు నేను. క్యాసెట్ పెట్టాను. నడిమి భాగానికి సరిపోయేలా అంచులు మొత్తం మళ్లీ అల్లాలి. అందరూ మా అరుగు మీదే కూర్చుని అల్లాలని, ఇంటి దగ్గర అల్లిన పువ్వు ముట్టనని అత్త తీర్మానం చేసింది. క్యాసెట్‌లో మిగతా పాటలు కూడా వినిపిద్దామని నేను ఆశపడితే ఒప్పుకోలేదు. బాగా వదులు తెచ్చేది అదొక్కటేనట. ఆ పాటే అయిపోవడం, నేను వెనక్కి తిప్పడం, మళ్లీ అదే. సగంలో చిడతలు మోగగానే, "సూదులు పైకి!" అనేది అత్త. హరిదాసు గారికి చెయ్యి బిగుస్తుందని ఆవిడ అనుమానం. అందరూ సూదులెత్తి పట్టుకునేవారు, మావయ్య దగ్గేవాడు, సూదులు దిగేవి.

ఒకసారి వీధిలో పోతున్న పెద్దాయన ఆగిపోయి, భుజం మీద కండువా తీసి చేత్తో పట్టుకుని, "ఎప్పుడండీ?" అని మెల్లగా అడిగాడు.

"ఏంటండీ ఎప్పుడు?"

"అదేనండి... జరిగింది."

"మంగళవారానికి అయిపోతాదండి" అంది అత్త, గుడ్డ సంగతనుకుని. ఆయన బిత్తరపోయి వెళ్లిపోయాడు.

అనుకున్నంత సంతోషం నాకు మిగల్లేదని కూడా చెప్పాలి. నా పాట రోజంతా మోగుతోంది, ఇంతమంది వింటున్నారు, కానీ మందు గుక్కెడు మింగినట్టు వింటున్నారు. పని అయిపోగానే ఆయన్ని మళ్లీ అట్టపెట్టెలో పెట్టేస్తారు. నాకు తెలుసు.

ఆదివారం సాయంత్రం టూ ఇన్ వన్ నా క్యాసెట్‌ని నమిలేసింది. ముందు ఇంగ్లీషాయన గొంతు వణికింది. "అయ్యో, ఇవేళ మరీ బాగోలేదు" అంది ఒకావిడ. తర్వాత గురక పెట్టి ఆగిపోయింది. మూత తీసి లాగితే గజాల కొద్దీ టేపు ముడతలు పడి బయటికొచ్చింది. పెన్సిలుతో తిప్పాను, చేత్తో సాపు చేశాను, ముడతల్లోంచి పాట రాలేదు. ఇంకా ఒక పక్క అంచు మిగిలే ఉంది. ఎల్లుండి ఏజెంటు వస్తాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి భీమవరం వెళ్లాను. కనిపించిన క్యాసెట్ల కొట్టల్లా ఎక్కాను. నావికుల పెట్టెలో దొరికిన పాట భీమవరంలో దొరుకుతుందా? ఒక కొట్టాయన ఓపిగ్గా విని, "ఏడుపు ఇంగ్లీషు పాటలేనాండీ కావాల్సింది? ఉన్నాయండి" అని లోపలికెళ్లి, గుర్రప్పిల్లలా ఎగురుతున్న డిస్కో పాటలు తెచ్చి పెట్టాడు. "ఇందులో ఏడుపేదండీ?" అంటే, "రెండో వైపు ఏడుస్తాడేమోనండి" అన్నాడు. ఏమీ కొనకుండా తిరుగు బస్సెక్కాను. అత్తకి ఏం చెప్పాలో తెలియక కిటికీ పక్కన కూర్చుని నిజంగానే ఏడ్చాను.

మా వీధి మలుపు తిరిగేసరికి నా పాట వినిపించింది.

క్యాసెట్ బతికిందనుకుని పరుగెత్తాను. కిటికీలో పెట్టె మూగగానే ఉంది. అత్త పాడుతోంది. గుడ్డ ఒళ్లో వేసుకుని, తల వంచి అతుకుతూ, నూతిలోంచి వచ్చినట్టే పాడుతోంది. మాటలు ఏ భాషవీ కావు, రాగం మాత్రం వెంట్రుకవాసి తప్పలేదు. పక్కనావిడ నాలికతో మిషను దరువు వేస్తోంది, డుగు డుగు టక్, డుగు డుగు టక్. ఇద్దరు ముక్కుతో గిటారు అందుకున్నారు. మామ్మగారు వాళ్ల పెదాలు చూస్తూ తలాడిస్తున్నారు. పాట సగానికి రాగానే ఒకావిడ గోవింద కొట్టింది, సూదులన్నీ పైకి లేచాయి, అత్త అచ్చం మావయ్యలా ఒక్కసారి దగ్గింది, సూదులు దిగాయి, పాట సాగింది.

నా కళ్లు నిండిపోయాయి. చెప్పులు విడిచి వాళ్ల మధ్య కూర్చుని, అసలు మాటలు తెలిసినదాన్ని కదా అని, నేనూ గొంతు కలిపాను.

అత్త సూది ఆపింది. "నువ్వు ఊరుకోవే. నీకు రాదు."

"అదేంటత్తా, నా పాట!"

"దారం బిగిసిపోతోందే. నోరు మూసుకుని కూర్చో."

మూసుకుని కూర్చున్నాను. సాయంత్రం దాకా పాడారు. మంగళవారం ఏజెంటు వచ్చి, గుడ్డని నాలుగు పక్కలా నొక్కి, నడుమ కూడా నొక్కాడు. ఎక్కడా లేవలేదు. మజ్జిగ రెండు గ్లాసులు తాగి, పని ఎక్కడికీ పోదని చెప్పి, గుడ్డ మడిచి పట్టుకెళ్లాడు. తర్వాత చిన్న చిన్న పనులు వచ్చాయి, వాటికి ఏడుపు అక్కర్లేదు, రేడియో చాలు. ఆయన్ని మర్చిపోయారనే అనుకున్నాను.

ఏడాది తిరిగేలోపు మావయ్య కాకినాడ నుంచి అదే క్యాసెట్ ఇంకొకటి పట్టుకొచ్చాడు. అదే కాటుక మనిషి. అప్పటికి మా పాత పెట్టె పూర్తిగా చెడిపోయి, కొత్తది వచ్చింది. నేను వీధంతా తిరిగి అందరినీ పిలుచుకొచ్చాను. ఈసారి పని లేదు, గడువు లేదు, ఉత్తినే వినడానికి రమ్మన్నాను. వచ్చారు. క్యాసెట్ పెట్టాను.

మిషను దరువు లేడిపిల్లలా బయటికి దూకింది. గిటారు గలగలలాడింది. గొంతులో నుయ్యి లేదు, బరువు లేదు. ఎవరో కుర్రాడు, కాలేజీ ఎగ్గొట్టి సైకిలు మీద గాలికి తిరుగుతున్నవాడు, హుషారుగా పాడుకుంటున్నాడు. నేను నిలబడ్డ చోటే ఉండిపోయాను. అది మా పాటే. రాగం అదే, మాటలు అవే. మా పాత పెట్టెలో రబ్బరు బెల్టు సాగిపోయి, పెట్టిన ప్రతి క్యాసెట్‌నీ ఈడ్చి ఈడ్చి తిప్పేదన్నమాట. రేడియో మామూలుగానే పలికేది, హరిదాసు గారిని ఎక్కించిందీ ఆ పెట్టెలోనే, కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఇంగ్లీషాయన ఏనాడూ ఏడవలేదు. ఏడ్చింది మా బెల్టు.

"ఎవరే ఈయన?" అంది ఒకావిడ.

"ఆయనేనండి" అన్నాను.

"కాదే! గొంతు పోలిక ఉంది గాని, తమ్ముడై ఉంటాడు."

"తమ్ముడేనండి. ఈయనకింకా ఏ కష్టమూ తెలీదు."

అత్త మర్యాదగా చివరిదాకా విన్నది. "బానే ఉన్నాడు, కుర్రాడు" అంది. ఆ తర్వాత కళ్లు దించి, ఒళ్లో పని లేకపోయినా వేళ్లు కదుపుతూ, మా ఏడుపు పాటే మెల్లగా ఎత్తుకుంది. ఎవరూ అడగలేదు. దారం లేదు, గుడ్డ లేదు, మంగళవారం లేదు. ఒక్కొక్కరే కలిశారు.

అసలు పాటని వెనకేసుకురావాలని నేను చాలా ప్రయత్నించాను. ఎంతైనా పాట రాసినవాళ్లది, పాడినవాళ్లది. కానీ మనసు రాలేదు. నేను ఇన్నాళ్లూ ఊరంతా మోసుకు తిరిగింది ఈ కుర్రాణ్ణి కాదు. కిటికీ దగ్గరికెళ్లి కొత్త పెట్టె ఆపేశాను. వచ్చి అత్త పక్కన కూర్చున్నాను.

"అత్తా, నాకు నేర్పవా?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నిదానంగా పాడాలి మరి" అని, పాట మళ్లీ మొదటి నుంచి అందుకుంది.